గోడను మరిచిన లెక్కలు

సీతానగరం దగ్గర తలుపులు లేపగానే ప్రకాశం బ్యారేజి నీళ్లు కృష్ణా పశ్చిమ డెల్టా ప్రధాన కాలువలో పడతాయి. దుగ్గిరాల లాకుల దగ్గర ఆ కాలువ చీలుతుంది. కొమ్మమూరు కాలువ బాపట్ల, చీరాల వైపు పోతే, మిగతా పాయలు తెనాలి మీదుగా రేపల్లె, నిజాంపట్నం వైపు సాగుతాయి. నీళ్లతోపాటు ఒండ్రు కూడా ప్రయాణం చేస్తుంది. ఎండాకాలం కాలువలు కట్టేశాక అడుగు చూస్తే అది ఎక్కడెక్కడ దిగిందో తెలుస్తుంది. లాకుకు ఎగువన మెత్తటి బురద, వంపు లోపలి వైపున ఇసుక మేట, పక్క అంచుల వెంట సన్నటి గట్టులా పేరుకున్న మట్టి. అంతటా ఒకే మందాన పరుచుకుని ఉండటం అరుదు.

ద్రవంలో కలిసి పారే రేణువులు ప్రవాహానికి అడ్డంగా ఎటు జరుగుతాయి, ఎందుకు జరుగుతాయి? నదులను చదివినవాళ్లు, రక్తాన్ని చదివినవాళ్లు, కాంక్రీటు పంపు చేసేవాళ్లు ఈ ప్రశ్నను ఎవరికి వారు అడిగారు, ఎవరి జవాబు వారు రాబట్టారు. గోడకు దూరంగా పోతాయని కొందరన్నారు, గోడ వైపే పోతాయని కొందరు, మధ్యకూ గోడకూ నడుమ ఒక వలయంలో నిలుస్తాయని ఇంకొందరు. ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించే ఈ జవాబులన్నీ వాటి వాటి పరిధిలో నిజమే. నా ఫిర్యాదు వేరే ఉంది. చాలాకాలం ఈ లెక్కల్లో గోడ అంటే ప్రవాహం ఆగే హద్దు, అంతే. రేణువును పక్కకు జరిపే బలం మాత్రం చాలా సందర్భాల్లో ఆ గోడ దగ్గరే పుడుతుంది.

ఒంటరి రేణువు సంగతి ముందు చూద్దాం. 1830లలో ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయ్ కప్పల సన్నటి రక్తనాళాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తూ, నాళం గోడను ఆనుకుని కణాలు లేని తేట పొర ఒకటి ఉండటం గమనించాడు. అది ఎందుకుందో చెప్పే సిద్ధాంతం అప్పటికి లేదు. 1906లో ఐన్‌స్టీన్ పలుచటి అవలంబనాల (రేణువులు కలిసిన ద్రవాల) స్నిగ్ధత మీద లెక్క వేశాడు. 1911లో దిద్దుబాటు చేశాక తేలిన ఫలితం ఇది: ద్రవంలో నూటికి ఒక వంతు ఘనపరిమాణం గుండ్రటి రేణువులదైతే స్నిగ్ధత నూటికి రెండున్నర వంతులు పెరుగుతుంది. అందమైన లెక్క. అందులో ద్రవానికి అంతు లేదు, గోడ ఊసే లేదు.

అతి నెమ్మదైన ప్రవాహంలో ఇంకో చిక్కు ఉంది. జడత్వం లెక్కలోకి రానంత నెమ్మదిగా ద్రవం కదిలితే, ప్రవాహాన్ని వెనక్కి తిప్పినప్పుడు ప్రతి రేణువూ వచ్చిన దారినే తిరిగి వెళ్లాలి. అలాంటప్పుడు గొట్టంలో ఉన్న ఒక్క గోళం పక్కకు జరగడానికి వీల్లేదని 1962లో బ్రెథర్టన్ నిరూపించాడు. వచ్చేటప్పుడు గోడ వైపు జరిగితే వెనక్కి పోయేటప్పుడు మధ్యకు జరగాలి. కానీ ఎడమ నుంచి కుడికి పారినా, కుడి నుంచి ఎడమకు పారినా గొట్టం గొట్టమే కదా. కాబట్టి ఎటూ జరగదు.

దానికి ఏడాది ముందే ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో సెగ్రే, సిల్బర్‌బర్గ్ గొట్టంలో గోళాలు పక్కకు జరగడం కళ్లారా చూశారు. ద్రవంతో సమానమైన సాంద్రత ఉన్న గోళాలను గొట్టంలో పంపితే, కొంత దూరం పోయాక అవన్నీ మధ్య నుంచి వ్యాసార్ధంలో సుమారు 0.6 వంతు దూరాన ఒక వలయంలో సర్దుకున్నాయి. బ్రెథర్టన్ తప్పేమీ చెప్పలేదు. వీళ్ల ప్రవాహంలో కాస్త జడత్వం ఉంది, తేడా అంతే. ప్రవాహ వేగపు వంపు రేణువును గోడ వైపు తోస్తుంది. రేణువు రేపిన అలజడి గోడకు తగిలి తిరిగొచ్చి దాన్ని మధ్యకు తోస్తుంది. రెండూ సరితూగిన చోటే ఆ వలయం. 1974లో హో, లీల్ ఈ తూకాన్ని లెక్కకట్టి చూపారు. వేగం పెంచితే వలయం గోడకు దగ్గరగా జరుగుతుందని 2004లో మతాస్, మోరిస్, గ్వాజెల్లీ ప్రయోగాలు చూపాయి. గోడ లేకపోతే ఈ వలయమే లేదు.

రేణువులు దట్టమయ్యే కొద్దీ కథ మారుతుంది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

1980లో గడాలా-మారియా, అక్రివోస్ ఒక సాదా పరికరంతో పనిచేస్తున్నారు. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు స్తూపాలు, వాటి నడుమ సందులో దట్టమైన అవలంబనం. ఒక స్తూపం తిరుగుతుంటే ద్రవం పొరలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారతాయి. ఈ జారుడునే షియర్ అంటారు. స్నిగ్ధత ఒక స్థిరమైన అంకెగా రావాలి. రాలేదు. గంటల తరబడి తిప్పే కొద్దీ అది తగ్గుతూ పోయింది. ద్రవం చెడిపోయిందా, ఉష్ణోగ్రత మారిందా అన్న అనుమానాలకు తావుంది. ఏడేళ్ల తరవాత, 1987లో, లైటన్, అక్రివోస్ గుట్టు విప్పారు. ద్రవంలో మార్పేమీ లేదు, రేణువులు ఇల్లు మారాయి. స్తూపం అడుగున షియర్ లేని ద్రవం కొంత ఉంటుంది. సందులోని రేణువులు మెల్లగా అక్కడికి వలస పోయాయి. సందులో రేణువులు తగ్గాయి కాబట్టి స్నిగ్ధత కూడా తగ్గింది.

కారణం వినడానికి తేలికే. షియర్ ఎక్కువ ఉన్న చోట రేణువులు ఒకదాన్నొకటి ఎక్కువసార్లు ఒరుసుకుంటాయి. నున్నటి గోళాలైతే ఒరుసుకున్నాక ఎవరి పొరలోకి వారు తిరిగిపోవాలి. నిజం రేణువులకు గరుకుదనం ఉంటుంది, మూడోది నాలుగోది వచ్చి మధ్యలో దూరుతుంది, అందువల్ల తిరిగి పాత చోటుకు చేరవు. ఒరిపిడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి మొత్తంగా ఒక వలస మొదలవుతుంది. గొట్టంలో షియర్ గోడ దగ్గర అత్యధికం, నడిమధ్యన సున్నా. దట్టమైన అవలంబనంలో రేణువులు మధ్యకు చేరడం అందుకే. ముందుకు వెనక్కు ఊపుతూ చేసిన ప్రయోగంలో పైన్, గాలబ్, బ్రేడీ, లెషాన్‌స్కీ 2005లో ఒక గడపను కూడా పట్టుకున్నారు. ఊపు ఆ గడపకు లోబడి ఉంటే రేణువులు పాత చోటికే తిరిగొస్తాయి, దాటితే రావు.

దీన్ని సమీకరణాల్లో పెట్టే ప్రయత్నాలు రెండు దారుల్లో సాగాయి. 1992లో ఫిలిప్స్, ఆయన సహచరులు ఒరిపిడి తేడాను, స్నిగ్ధత తేడాను నేరుగా వలసకు ముడిపెట్టారు. వాడటానికి సులువు, రెండు స్తూపాల ప్రయోగానికి బాగా కుదిరింది. రెండు పళ్లేల మధ్య తిప్పే పరికరంలో మాత్రం రేణువులు మధ్యకు రావాలని చెప్పింది, ప్రయోగంలో అవి చెప్పుకోదగ్గంతగా కదల్లేదు. రెండో దారి 1994లో నాట్, బ్రేడీ వేశారు. రేణువులు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల వాటి మధ్య ఒక పీడనం పుడుతుందని, ఆ పీడనం సమం అయ్యే దాకా వలస సాగుతుందని వాళ్ల ప్రతిపాదన. ప్రభు నాట్ ఆ తరవాత బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడిగా ఈ రంగంలోనే పనిచేస్తూ వచ్చారు. 1999లో మోరిస్, బూలే ఈ పీడనం అన్ని దిక్కులకూ ఒకేలా ఉండదని చేర్చాక పళ్లేల ప్రయోగం కూడా దారికొచ్చింది. 2009లో గోడకు జాలీ అమర్చి ఆ పీడనాన్ని నేరుగా కొలిచారు కూడా. నా ఓటు ఈ రెండో దారికే. మొదటిది ఏం జరిగిందో చెబుతుంది, రెండోది ఎవరు తోశారో చెబుతుంది.

అయితే రెండూ తడబడేది ఒకే చోట, గోడ పక్కన. రేణువు కేంద్రం గోడకు తన వ్యాసార్ధం కంటే దగ్గరకు రాలేదు. కాబట్టి గోడను ఆనుకుని రేణువులు పలుచబడ్డ పొర ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. ఆ పొర సన్నటిదే, కానీ కందెనలా పనిచేసి మిగతా ముద్దనంతా జార్చేస్తుంది. 1948లో వాండ్ ఈ జారుడును లెక్కలోకి తెచ్చాడు. అవలంబనం బాగా దట్టమైతే గోడ పక్కన రేణువులు బారులు తీరతాయి, రెండు మూడు వరసల దాకా ఆ క్రమం కనిపిస్తుంది. ఇక రేణువు గోడను సమీపించే కొద్దీ నడుమ ఇరుక్కున్న ద్రవం దాన్ని ఆపుతుంది. సందు సగమైతే ఆ అడ్డు రెట్టింపవుతుందని బ్రెన్నర్ 1961లో చూపాడు. ఆ లెక్క ప్రకారం నున్నటి గోళం నున్నటి గోడను ఎన్నటికీ తాకదు. తాకుతోందంటే గరుకుదనం వల్లే. పై సమీకరణాలన్నీ రేణువు పరిమాణం కంటే చాలా పెద్ద దూరాల మీద సగటు తీసి రాసినవి. గోడ దగ్గర మార్పంతా ఒక్క రేణువు దూరంలోనే జరిగిపోతుంది. అందుకే సగటుకు అక్కడ అర్థం లేదు. స్నిగ్ధత కొలిచే ప్రయోగశాలల్లో నున్నటి పళ్లేల బదులు గాట్లు పెట్టిన పళ్లేలు వాడేది ఈ జారుడును అదుపు చేయడానికే.

ఇదంతా ప్రయోగశాల వ్యవహారం అనుకునేవాళ్లు కాంక్రీటు పంపు దగ్గర కాసేపు నిలబడాలి. అమరావతి నిర్మాణాల్లో అంతస్తుల పైకి కాంక్రీటు పంపే పైపు సాధారణంగా 125 మిల్లీమీటర్ల వ్యాసం. అందులో 20 మిల్లీమీటర్ల కంకర. షియర్ వల్ల వలస పూర్తి కావడానికి కావలసిన దూరం, గొట్టం వ్యాసార్ధాన్ని రేణువు వ్యాసార్ధంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే సుమారుగా తెలుస్తుంది. ఇక్కడ 62.5ను 10తో భాగిస్తే ఆరు చిల్లర, దాని వర్గం నలభై దగ్గర. అంటే నలభై వ్యాసార్ధాల దూరం, రెండున్నర మీటర్లు. పైపు మొదట్లోనే కంకర మధ్యకు ఒత్తుకుని, గోడ వెంట కొన్ని మిల్లీమీటర్ల సిమెంటు పాల పొర ఏర్పడుతుంది. కాంక్రీటు ముద్ద ముద్దగా ఆ పొర మీద జారిపోతుంది. పంపు నడిపేవాళ్లు పని మొదలెట్టే ముందు పైపులో సిమెంటు పాలు పంపి తడుపుతారు. గోడకు ఆ పొర ముందే అందకపోతే తొలి కాంక్రీటు తన పాలను గోడకు ఇచ్చేసి, ఎండిన కంకరతో పైపును బిగించేస్తుంది.

రక్తం సంగతి క్లుప్తంగా. ఎర్రకణాలు మెత్తటివి, వంగుతాయి. మెత్తటి రేణువును గోడ ఎంత నెమ్మదైన ప్రవాహంలోనైనా దూరంగా తోయగలదు, ఎందుకంటే రేణువు ఆకారం మారడంతో బ్రెథర్టన్ షరతు చెల్లదు. ప్వాజోయ్ చూసిన తేట పొర అదే. ఆ పొర వల్ల మూడో వంతు మిల్లీమీటరు కంటే సన్నని నాళాల్లో రక్తం పలుచబడినట్టు ప్రవర్తిస్తుందని 1931లో ఫారియస్, లిండ్‌క్విస్ట్ కొలిచారు. ఎర్రకణాలు మధ్యకు పోతూ చిన్న ప్లేట్‌లెట్లను గోడ పక్కకు నెడతాయి. గాయమయ్యేది గోడకే కాబట్టి అవి అక్కడ ఉండటమే శరీరానికి కావాలి.

ఇప్పుడు తెనాలి కాలువకు వద్దాం. పైన చెప్పిన వలస ఇక్కడ పనిచేస్తుందా? ఒండ్రు రేణువు వ్యాసం 0.05 మిల్లీమీటర్లు, నీటి లోతు ఒక మీటరు అనుకోండి. అదే సూత్రంతో మీటరును రేణువు వ్యాసార్ధంతో భాగిస్తే 40,000, వర్గం చేస్తే 160 కోట్లు. అంటే 16 లక్షల కిలోమీటర్లు. చంద్రుడి దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చినా ఆ దూరం పూర్తి కాదు. అదీ నీళ్లు నిండా ఒండ్రే ఉంటేనే. డెల్టా కాలువలో అంత చిక్కదనం ఎక్కడిది? కాంక్రీటు పైపులో జరిగేదానికీ కాలువలో జరిగేదానికీ ఒకే పేరు పెట్టి ఒకే సమీకరణం వాడేవాళ్లను నేను ఒప్పుకోను.

కాలువలో పోటీ రెండింటి మధ్య. ఒకటి బరువు. ఆ ఒండ్రు రేణువు నిలకడ నీళ్లలో సెకనుకు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు దిగుతుంది. మీటరు లోతు దిగడానికి ఏడెనిమిది నిమిషాలు చాలు. నీళ్లు సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పోతుంటే అది 300 మీటర్లు కూడా దాటకూడదు. అయినా సీతానగరంలో దూకిన ఒండ్రు రేపల్లె పొలాల దాకా వస్తోంది. దాన్ని ఎత్తిపట్టేది రెండోది, సుడులు. ఆ సుడులు పుట్టేది కాలువ అడుగునా పక్కలా, అంటే గోడల దగ్గర. నీటి లోతు ఒకటిన్నర మీటరు, వాలు పదివేలకు ఒకటి అనుకుంటే గోడ పుట్టించే సుడుల వేగం సెకనుకు నాలుగు సెంటీమీటర్ల లోపు. రేణువు దిగే వేగాన్ని ఈ వేగంలో నాలుగు పదోవంతులతో భాగిస్తే రౌస్ సంఖ్య వస్తుంది. హంటర్ రౌస్ ఈ లెక్కను 1937లో ఇచ్చాడు. సన్న ఒండ్రుకు అది 0.15 దగ్గర, అంటే పైనుంచి కింద దాకా దాదాపు సమంగా కలిసి పోతుంది. 0.2 మిల్లీమీటర్ల ఇసుకకు అది ఒకటి దాటుతుంది, ఇసుక చాలావరకు అడుగు దగ్గరే పోతుంది. తూము అడుగు మట్టంలో ఉంటే ఇసుక ఛానల్లోకి దూరుతుంది, కాస్త ఎత్తులో ఉంటే ఎక్కువగా ఒండ్రే వస్తుంది.

రౌస్‌కు చాలా ముందే ఈ సంగతి పంజాబ్ కాలువల మీద కెనెడీకి తట్టింది. బారీ దోఆబ్ కాలువల్లో పూడకుండా, కోసుకుపోకుండా నిలిచిన చోట్లు ఎంచి కొలిచి, 1895లో ఒక సూత్రం ఇచ్చాడు. మీటర్లలో రాస్తే లోతుకు 0.64 ఘాతం వేసి 0.55తో గుణించాలి. ఒకటిన్నర మీటరు లోతుకు సెకనుకు 0.71 మీటర్ల వేగం వస్తుంది. అంతకంటే నెమ్మదిగా పారితే పూడిక, వేగంగా పారితే కోత. కెనెడీ ఊహలో సుడులన్నీ అడుగు నుంచే లేస్తాయి, పక్క గోడలకు పాత్ర లేదు. 1930 ప్రాంతంలో గెరాల్డ్ లేసీ దీన్ని సవరించాడు. సుడులు తడిసిన చుట్టుకొలత మొత్తం నుంచి పుడతాయని, కాలువ తన వెడల్పును, లోతును, వాలును తానే సర్దుకుంటుందని ఆయన వాదన. వెడల్పాటి ప్రధాన కాలువకు ఇద్దరి అంకెలూ పెద్దగా తేడా రావు. ఇరుకైన పిల్ల ఛానల్లో మాత్రం పక్క గోడల వాటా ఎక్కువ. అక్కడ కెనెడీని నమ్ముకుంటే తప్పుతుంది. పక్క అంచుల్లో వేగం తగ్గి పేరుకునే ఒండ్రు గట్టు కాలువను ఇరుకు చేస్తూ, నిటారుగా మారుస్తూ పోతుంది. లేసీ చెప్పిన సర్దుబాటులో అది ఒక భాగం. ఇప్పటికీ మన దేశంలో వంతెన స్తంభాల దగ్గర కోత లోతును లేసీ సూత్రంతోనే అంచనా వేస్తారు.

కృష్ణ మీద నాగార్జునసాగర్, శ్రీశైలం, పులిచింతల కట్టాక ముతక ఇసుకలో ఎక్కువ భాగం పైనే ఆగిపోతోంది. డెల్టాకు వచ్చే ఒండ్రు తగ్గింది, సన్నబడింది. 2024 సెప్టెంబరులో బ్యారేజి దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల పొలాల్లో వరద దిగగానే కనిపించింది ఆ సన్నటి ఒండ్రే.

బాపట్ల తీరం, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లో అడుగు గోడ ఇంకో పని చేస్తుంది. రైతులు ఏరేటర్లను నీళ్లు చెరువంతా ఒకే దిక్కున తిరిగేలా పెడతారు. మేత మిగులు, రొయ్యల మలం, చచ్చిన నాచు చెరువు మధ్యకు చేరతాయి. అక్కడి నుంచి తోడెయ్యడం తేలిక. తిరిగే నీళ్లలో బరువైనవి బయటికి పోవాలి కదా, మధ్యకెందుకు వస్తాయి? టీ కప్పులో ఆకు మధ్యకు చేరడాన్ని తీసుకుని ఐన్‌స్టీన్ 1926లో దీన్నే వివరించాడు. అడుగు రాపిడి వల్ల అక్కడి నీళ్లు నెమ్మదిస్తాయి, వాటికి బయటికి పోయే ఊపు తగ్గుతుంది. పైనీళ్లు బయటి గట్టు మీద పెంచిన పీడనం మాత్రం అలాగే ఉంటుంది. అది అడుగు నీళ్లను మధ్యకు తోస్తుంది, వాటితోపాటు మడ్డి వస్తుంది. ఆయన ఉద్దేశం టీ కాదు, నదులు ఎందుకు వంకర్లు తిరుగుతాయన్నది. కాలువ వంపు లోపలి ఒడ్డున ఇసుక మేట వేసేదీ, బయటి ఒడ్డు కోసుకుపోయేదీ ఈ అడుగు ప్రవాహం వల్లే. చెరువు నాలుగు మూలలు పదునుగా ఉంటే తిరుగుడు తెగి మడ్డి మూలల్లో దిగుతుంది. మూలలు గుండ్రంగా తీసిన చెరువులో అడుగు శుభ్రంగా ఉండటానికి ఇదొక కారణం.

డెల్టా ఆధునికీకరణతో గోడ స్వభావమే మారింది. గోడ గరుకుదనాన్ని చెప్పే మానింగ్ గుణకం మట్టి కాలువకు 0.025 దగ్గర ఉంటే, కాంక్రీటు లైనింగుకు 0.015. నున్నటి గోడ నీళ్లను త్వరగా పంపుతుంది కాబట్టి పూడిక తగ్గుతుందని సాధారణంగా అనుకుంటారు. లెక్క వేస్తే అంత సూటిగా రాదు. అదే నీటి పరిమాణం స్వేచ్ఛగా పారితే లోతు ముప్పాతిక వంతుకు పడిపోతుంది, వేగం మూడో వంతు పైగా పెరుగుతుంది, సుడుల బలం మాత్రం ఏడో వంతు తగ్గుతుంది. సన్న ఒండ్రుకు ఇది లాభమే. కానీ లాకు తలుపులు దించి మట్టం పట్టి ఉంచిన చోట లోతు తగ్గదు, వేగం పెరగదు. గోడ నునుపుతో సుడుల బలం మాత్రం పది వంతుల్లో నాలుగు వంతులు పోతుంది. అలాంటి చోట లైనింగు వేసినా, ఒక్కోసారి వేయడం వల్లే, లాకు ఎగువన మెత్తటి బురద దిగుతుంది. పైగా కాంక్రీటు గోడను కాలువ కోసుకోలేదు, సర్దుకోలేదు, అందువల్ల లేసీ సూత్రానికి అక్కడ చోటు లేదు.

ఇక గుర్రపుడెక్క. తెనాలి చుట్టుపక్కల మురుగు కాలువల్లో, పంట కాలువల్లో అది నీటి మీద కప్పేసిందంటే ప్రవాహానికి పైనుంచి ఇంకో గోడ మొలిచినట్టే. అత్యధిక వేగం నీటి ఉపరితలం నుంచి నడిమికి దిగుతుంది, రాపిడి రెండు వైపులా పెరుగుతుంది, నీళ్లు కదలాలంటే మట్టం పెరగాలి. రౌస్ లెక్క పైన తెరిచి ఉన్న నీళ్లకు రాసింది, ఇక్కడ దాన్ని అలాగే వాడకూడదు. పైన మంచు గడ్డకట్టిన శీతల దేశాల నదుల మీద ఇలాంటి రెండు గోడల లెక్కలు వేశారు. కానీ మంచు పలక గట్టిది, కదలదు. డెక్క వేళ్లు జల్లెడలా నీళ్లను పోనిస్తూ ఒండ్రును పట్టుకుంటాయి, తేలుతూ జరుగుతాయి, పెరుగుతాయి. మంచు నదుల గుణకాలను డెల్టా కాలువకు అరువు తెచ్చుకునే ముందు డెక్క వేళ్ల కింద వేగం, ఒండ్రు చిక్కదనం లోతు వారీగా కొలవాలి. పంట కాలంలో ఒకసారి, డెక్క తీసేసిన వారానికి అదే చోట మళ్లీ ఒకసారి.